నాట్ ఇన్ పెడితే ఒక్క రికార్డు రావట్లేదు, సగటేమో తప్పు చూపిస్తోంది. నల్‌లతో (విలువ లేని ఖాళీలతో) ఎలా వేగాలి?

రాత్రిషిఫ్ట్_డేటా అడిగింది:

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒకే దగ్గర ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. వాడుతున్నది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, క్వెరీలు ఎస్‌క్యూఎల్ భాషలో రాస్తాను. కోల్డ్ స్టోరేజీ గదుల్లో పెట్టిన సెన్సార్లు గంటకోసారి ఉష్ణోగ్రత పంపిస్తాయి, అది వచ్చి డేటాబేస్‌లో పడుతుంది. సెన్సార్లు అని ఒక టేబుల్ (ఐడీ, పేరు, గది), రీడింగులు అని ఇంకోటి (సెన్సార్_ఐడీ, సమయం, ఉష్ణోగ్రత, స్థితి). అంతే, పెద్ద డిజైన్ ఏమీ లేదు.

మొదటి సమస్య. నిన్నంతా ఒక్క రీడింగ్ కూడా పంపని సెన్సార్ల జాబితా కావాలి. నేను రాసింది ఇది (నాట్ ఇన్ అంటే బ్రాకెట్లోని జాబితాలో లేనివి):

సెలెక్ట్ ఐడీ, పేరు ఫ్రమ్ సెన్సార్లు వేర్ ఐడీ నాట్ ఇన్ (సెలెక్ట్ సెన్సార్_ఐడీ ఫ్రమ్ రీడింగులు వేర్ తేదీ = నిన్న)

(తేదీ దగ్గర అసలు క్వెరీలో ఇంకాస్త పెద్ద షరతు ఉంది, ఇక్కడ కుదించాను.) ఎర్రర్ ఏమీ రాదు, కానీ రిజల్ట్ ఖాళీ. 41వ నంబర్ సెన్సార్‌ని నేనే బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాను, అది నిన్న ఏమీ పంపలేదని కచ్చితంగా తెలుసు. రీడింగుల్లో 41 కోసం విడిగా వెతికినా నిన్నటి రికార్డు ఒక్కటీ లేదు. మరి జాబితాలోకి ఎందుకు రాదు? పోయిన నెల వరకు ఇదే క్వెరీ బాగా పనిచేసింది, నేను ఒక్క అక్షరం మార్చలేదు.

రెండో సమస్య ఇంకా ఇబ్బంది పెట్టింది. ఫ్రీజర్ గదిలో కొన్ని గంటలకి ఉష్ణోగ్రత నల్‌గా వస్తోంది. రిపోర్టులో ఖాళీలు ఉంటే బాగుండదు, కోఅలెస్(ఉష్ణోగ్రత, 0), అంటే నల్ ఉన్న చోట 0 తీసుకునేలా, పెట్టేయమని టీమ్‌లో ఒకరు అంటే అలాగే పెట్టాను. ఆ రోజు నుంచి మైనస్ 20 ఉండాల్సిన సగటు మైనస్ 15 చూపిస్తోంది. మైనస్ 18 కంటే వేడెక్కితే అలర్ట్ వెళ్లేలా ఉంది కాబట్టి అర్ధరాత్రి అందరి ఫోన్లూ మోగాయి. మనిషి వెళ్లి చూస్తే గది చల్లగానే ఉంది. చాలా టెన్షన్ పడ్డాం.

ఇంకో చిన్న విషయం, వేర్ స్థితి <> 'బాగుంది' (సమానం కానివి) అని రాస్తే స్థితి ఖాళీగా ఉన్న రికార్డులు రావట్లేదు. ఖాళీ అంటే 'బాగుంది' కాదు కదా, రావాలి కదా? ఈ మూడింటికీ ఏదైనా సంబంధం ఉందా, లేక మూడు వేర్వేరు తప్పులా?


క్వెరీ_మిత్ర:

మూడింటికీ మూలం ఒక్కటే. ముందు ఈ చిన్న పని చేసి ఫలితం ఇక్కడ పెట్టండి:

సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ రీడింగులు వేర్ సెన్సార్_ఐడీ ఈజ్ నల్

ఈజ్ నల్ అనే రాయాలి సుమా. = నల్ అని రాస్తే టేబుల్లో లక్ష నల్‌లు ఉన్నా కౌంట్ సున్నాయే వస్తుంది, చూసి లేవనుకుంటారు. సున్నా కంటే ఎక్కువ వస్తే మీ నాట్ ఇన్ ఎందుకు చచ్చిపోయిందో తెలిసిపోయినట్టే. పోయిన నెల తర్వాత డేటా వచ్చే దారిలో ఏమైనా మారిందా, కొత్త ఫైల్ దిగుమతి లాంటిది?


రాత్రిషిఫ్ట్_డేటా:

3 వచ్చింది! అవును, పోయిన నెల నుంచి ఒక గేట్‌వే (సెన్సార్ల డేటాని పోగుచేసి పంపేది) నుంచి వచ్చే ఫైళ్లు కూడా ఇందులోనే ఎక్కిస్తున్నాం. సెన్సార్ నంబర్ చదవలేకపోతే ఆ కాలమ్ ఖాళీ వదిలేస్తుందట. కానీ ఎక్కడో మూడు రికార్డుల్లో నంబర్ లేకపోతే 41 ఎందుకు మాయం కావాలి? అది నాకు అస్సలు అర్థం కాలేదు.


పాత_డీబీఏ:

ఇది అర్థమైతే మిగతా సగం దానంతటదే అర్థమవుతుంది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నల్ అంటే ఒక విలువ అనుకోవడం దగ్గరే అందరం తప్పుతాం. అది "ఇక్కడ ఏముందో తెలియదు" అని వేసిన గుర్తు. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు కూడా తెలియదనే వస్తుంది. 5 = నల్ అంటే తెలియదు. 5 <> నల్ అన్నా తెలియదు. నల్ = నల్ అన్నా తెలియదే, ఎందుకంటే తెలియనివి రెండూ ఒకటో కాదో ఎవరు చెప్పగలరు? అందుకే ఎస్‌క్యూఎల్‌లో నిజం, అబద్ధం అని రెండే కాకుండా మూడో జవాబు ఉంటుంది, దాని పేరు అన్‌నోన్. వేర్ అనేది నిజం అని తేలిన రికార్డుల్నే లోపలికి రానిస్తుంది, అబద్ధాన్నీ అన్‌నోన్‌నీ రెండింటినీ బయటే ఆపేస్తుంది.

ఇప్పుడు మీ 41 సంగతి. సబ్‌క్వెరీ (బ్రాకెట్లోని లోపలి క్వెరీ) నుంచి 3, 5, నల్ అని మూడు విలువలు వచ్చాయనుకుందాం. 41 నాట్ ఇన్ (3, 5, నల్) అని మీరు రాసినదాన్ని డేటాబేస్ ఇలా విడగొడుతుంది: 41 <> 3 అండ్ 41 <> 5 అండ్ 41 <> నల్. మొదటిది నిజం, రెండోది నిజం, మూడోది అన్‌నోన్. నిజం అండ్ అన్‌నోన్ అంటే అన్‌నోన్. 41 బయటికి. ఇప్పుడు 5 తీసుకోండి: 5 <> 5 అబద్ధం, అండ్‌లో ఒక్క అబద్ధం ఉంటే మొత్తం అబద్ధం, అదీ బయటికే. అంటే జాబితాలో ఒక్క నల్ పడిందంటే ఏ సెన్సార్‌కీ నిజం అని తేలే అవకాశమే ఉండదు. డేటాబేస్ వైపు నుంచి చూస్తే అది చెప్పేది న్యాయమే, "ఆ నంబర్ లేని రీడింగ్ 41దే అయుండొచ్చు, కాదని నేను హామీ ఇవ్వలేను" అంటోంది. మామూలు ఇన్‌తో ఈ బాధ కనపడదు, ఎందుకంటే అక్కడ ఆర్ ఉంటుంది, ఒక్క నిజం దొరికితే చాలు. నాట్ పెట్టగానే బయటపడుతుంది.

మందు నాట్ ఎగ్జిస్ట్స్:

సెలెక్ట్ సె.ఐడీ, సె.పేరు ఫ్రమ్ సెన్సార్లు సె వేర్ నాట్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ రీడింగులు రీ వేర్ రీ.సెన్సార్_ఐడీ = సె.ఐడీ అండ్ రీ.తేదీ = నిన్న)

ఎగ్జిస్ట్స్ అడిగేది ఒక్కటే, రికార్డు దొరికిందా లేదా. దానికి మూడో జవాబు ఉండదు. సబ్‌క్వెరీలో సెన్సార్_ఐడీ ఈజ్ నాట్ నల్ అని చేర్చినా నాట్ ఇన్ పనిచేస్తుంది కానీ, ఆ షరతు ఆర్నెల్ల తర్వాత ఇంకెవరో తీసేస్తారు, మళ్లీ ఇదే కథ. సబ్‌క్వెరీతో నాట్ ఇన్ రాయడం నేను పూర్తిగా మానేశాను, పైగా పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద టేబుళ్ల మీద నాట్ ఎగ్జిస్ట్స్ చాలాసార్లు వేగంగా కూడా నడుస్తుంది.

స్థితి <> 'బాగుంది' సంగతి కూడా ఇదే, నల్ <> 'బాగుంది' అన్‌నోన్, బయటికి. దీనికి పోస్ట్‌గ్రెస్‌లో ఒక చక్కటి మాట ఉంది, స్థితి ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ 'బాగుంది'. ఇది నల్‌ని కూడా ఒక విలువలాగే చూస్తుంది, జవాబు ఎప్పుడూ నిజమో అబద్ధమో వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇది 2022 వెర్షన్‌తో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే <=> అనే గుర్తు ఉంది, సమానమా కాదా అని నల్‌తో సహా చూస్తుంది, ముందు నాట్ పెట్టుకోవాలి.

ఇంకొకటి, అడగలేదు కానీ ఈ పనిలో రేపో మాపో తగులుతుంది. లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్లోవన్నీ ఉంచి, కుడివైపు జత దొరక్కపోతే నల్ పెట్టేది) రాసి, ఆ తర్వాత వేర్‌లో కుడివైపు టేబుల్ మీద షరతు పెడతారు, వేర్ రీ.తేదీ = నిన్న అని. రీడింగ్ లేని సెన్సార్‌కి రీ.తేదీ నల్ కదా, వేర్ దాన్ని తోసేస్తుంది, మీ లెఫ్ట్ జాయిన్ కాస్తా ఇన్నర్ జాయిన్ (జత దొరికినవే మిగిల్చేది) అయి కూర్చుంటుంది. ఆ షరతు జాయిన్‌లోని ఆన్ పక్కకి రావాలి. అలాగే లెఫ్ట్ జాయిన్ చేశాక సెన్సార్‌కి ఎన్ని రీడింగులో లెక్కపెట్టేటప్పుడు కౌంట్(*) వద్దు, ఏమీ పంపని సెన్సార్‌కి కూడా 1 చూపిస్తుంది, ఎందుకంటే కుడివైపంతా నల్‌లతో ఉన్న ఆ ఒక్క రికార్డునీ అది లెక్కలో వేసుకుంటుంది. కౌంట్(రీ.సెన్సార్_ఐడీ) అంటే నల్‌ని వదిలేసి సరిగ్గా 0 ఇస్తుంది.

సగటు గురించి ఇక్కడ నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు.


రాత్రిషిఫ్ట్_డేటా:

అన్నా, 41 <> 3 అండ్ 41 <> 5 అని విడగొట్టి చూపించాక కళ్లు తెరుచుకున్నాయి. చాలా థాంక్స్. నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టి నడిపాను, 41 వచ్చింది, దానితో పాటు 17 కూడా వచ్చింది. 17 గురించి మాకెవరికీ తెలియదు, రేపు పొద్దున మనిషిని పంపిస్తున్నాం.

సగటు దగ్గర మాత్రం ఇంకా అయోమయంగా ఉంది. కోఅలెస్ తీసేస్తే మైనస్ 20 వస్తోంది, సరే. కానీ అదే కరెక్ట్ అని ఏ ధైర్యంతో చెప్పాలి?


లెక్కలు_ముఖ్యం:

ఈ ప్రశ్న అడిగారు చూడండి, ఇది అసలైన ప్రశ్న, చాలామంది కోఅలెస్ తీసేసి అక్కడితో ఆగిపోతారు.

ముందు ఏం జరిగిందో చూద్దాం. రోజుకి 24 రీడింగులు, అందులో 18 వచ్చాయి, ఒక్కోటి దాదాపు మైనస్ 20. మిగతా 6 నల్. మొత్తం మైనస్ 360. ఏవీజీ (సగటు తీసే ఫంక్షన్) నల్‌లని పక్కన పెట్టి 18తో భాగిస్తుంది, మైనస్ 20. మీరు ఆరింటికీ 0 పెట్టారు, మొత్తం మారలేదు, భాగించేది మాత్రం 24 అయింది, మైనస్ 15. అమ్మకాల లెక్కలో సున్నా అంటే ఏమీ అమ్మలేదని అర్థం, అక్కడ చాలాసార్లు సరిపోతుంది. ఉష్ణోగ్రతలో సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే వేడి. ఫ్రీజర్ ఆరు గంటలపాటు కరిగిపోయిందని మీరే డేటాబేస్‌కి చెప్పినట్టయింది. రిపోర్టులో ఖాళీ బాగుండదనుకుంటే చూపించే చోట "రీడింగ్ లేదు" అని రాయండి, లెక్కలోకి మాత్రం లేని అంకెని ఎక్కించకండి.

ఇక మైనస్ 20 కరెక్టా? అది వచ్చిన 18 గంటల సగటు. రాని 6 గంటలు కూడా వీటిలాగే ఉన్నాయని మనం నోరెత్తకుండా ఒప్పుకున్నట్టు. ఒకవేళ సరుకు దించడానికి తలుపు తెరిచినప్పుడే సెన్సార్ సిగ్నల్ పోతోందనుకోండి, అప్పుడు పోయిన ఆ ఆరు గంటలే వేడిగా ఉన్న గంటలు, మీ మైనస్ 20 అసలు కంటే చల్లగా చూపిస్తోంది. నల్ ఎందుకు వచ్చిందో తెలియకుండా సగటుని నమ్మలేం. నేను ఒకసారి ఇలాగే మోసపోయాను, నీటి ట్యాంకు మట్టం కొలిచే డేటా, మట్టం బాగా పైకి వచ్చినప్పుడే పరికరం నల్ పంపేది, నెలంతా "ట్యాంకు ఎప్పుడూ నిండట్లేదు" అని రిపోర్టు ఇస్తూ వచ్చాను, నిజానికి పొంగి పొర్లుతోంది.

అందుకని సగటు ఒక్కటే ఎప్పుడూ చూపించకండి. పక్కనే కౌంట్(ఉష్ణోగ్రత) పెట్టండి, 24లో ఎన్ని వచ్చాయో కనపడుతుంది. 20 కంటే తక్కువ వస్తే సగటు బదులు "డేటా చాలదు" అని వేరే అలర్ట్ పంపండి, ఎంత దగ్గర గీత గీయాలనేది గది సంగతి తెలిసినవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. గది వేడెక్కడం ఒక సమస్య, గది ఎలా ఉందో తెలియకపోవడం ఇంకో సమస్య, రెండింటికీ పరిగెత్తాల్సిన మనుషులు కూడా వేరు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. లేకపోవడంలో రెండు రకాలు. రికార్డు వచ్చి అందులో ఉష్ణోగ్రత నల్ కావడం ఒకటి, అసలు ఆ గంటకి రికార్డే రాకపోవడం రెండోది. కౌంట్(*)లోంచి కౌంట్(ఉష్ణోగ్రత) తీసేస్తే మొదటి రకమే తెలుస్తుంది. రెండోది కావాలంటే పోస్ట్‌గ్రెస్‌లో జనరేట్_సిరీస్‌తో ఆ రోజు 24 గంటలూ పుట్టించి, దానికి రీడింగుల్ని లెఫ్ట్ జాయిన్ చేయాలి. అప్పుడు ఏ గంట ఖాళీయో గంటతో సహా బయటపడుతుంది, ఖాళీలన్నీ ఒకే వేళకి వస్తున్నాయా లేదా అన్నది మొదట చూడండి.

గ్రాఫ్ కోసం మాత్రం ముందు విలువనే కొనసాగించాలనుకుంటే ఒక పద్ధతి ఉంది. కౌంట్(ఉష్ణోగ్రత) ఓవర్ (పార్టిషన్ బై సెన్సార్_ఐడీ ఆర్డర్ బై సమయం) అని రాయండి, అంటే ఒక్కో సెన్సార్‌కీ విడిగా, సమయం వరసలో లెక్కపెడుతూ పోతుంది. విలువ ఉన్న చోట కౌంట్ ఒకటి పెరుగుతుంది, నల్ దగ్గర పెరగదు, కాబట్టి ప్రతి విలువా దాని తర్వాత వచ్చే నల్‌లూ ఒకే నంబర్ కింద చేరతాయి. ఆపైన సెన్సార్‌తో పాటు ఆ నంబర్ మీద కూడా పార్టిషన్ చేసి మ్యాక్స్(ఉష్ణోగ్రత) ఓవర్ తీస్తే ముందున్న విలువ వస్తుంది. ఇది గ్రాఫ్ వరకే. అలర్ట్‌కి వాడితే, చచ్చిపోయిన సెన్సార్ రోజంతా మైనస్ 20 అని చెబుతూనే ఉంటుంది.


ఒరాకిల్_నుంచి_వచ్చా:

పైన చెప్పినవన్నీ సరే, వేరే డేటాబేస్‌కి మారేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి నాకు తగిలిన దెబ్బలు రెండు మూడు చెబుతాను.

ఒరాకిల్ డేటాబేస్‌లో ఖాళీ స్ట్రింగ్ ('', ఒక్క అక్షరమూ లేనిది) అంటేనే నల్. పోస్ట్‌గ్రెస్‌లో '' వేరు, నల్ వేరు. అక్కడి నుంచి ఇక్కడికి మారినప్పుడు మా వేర్ స్థితి ఈజ్ నల్ క్వెరీలన్నీ తక్కువ రికార్డులు చూపించడం మొదలెట్టాయి, కొత్త ప్రోగ్రాం '' అని ఎక్కిస్తోంది, ఎవరూ గమనించలేదు. ఎక్కించేటప్పుడే నల్ఇఫ్(స్థితి, '') (రెండూ ఒకటైతే నల్ ఇచ్చేది) పెట్టి అన్నింటినీ ఒకే దారికి తెచ్చాం. భాగహారంలో కూడా నల్ఇఫ్ బాగా పనికొస్తుంది, మొత్తం / నల్ఇఫ్(సంఖ్య, 0) అంటే సున్నాతో భాగించిన ఎర్రర్ బదులు నల్ వస్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈజ్‌నల్ ఫంక్షన్ (నల్ అయితే బదులు రెండో విలువ ఇచ్చేది) మొదటి దాని రకాన్నే పట్టుకుంటుంది. కాలమ్ మూడక్షరాల వర్‌కార్ (అక్షరాలు దాచే రకం) అయితే, దాని బదులు 'తెలియదు' అని ఇచ్చారా, మొదటి మూడక్షరాలు మిగిలి మిగతాది తెగిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. కోఅలెస్ వాడితే అలా తెగదు.

వరస పెట్టేటప్పుడు కూడా చూసుకోండి. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ చిన్న నుంచి పెద్దకి పెడితే నల్‌లని చివర పెడతాయి, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదట్లో పెడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఆర్డర్ బై ఉష్ణోగ్రత డెస్క్ లిమిట్ 5 అని (పెద్ద నుంచి చిన్నకి, మొదటి ఐదు) వేడిగా ఉన్న ఐదూ అడిగితే ఐదు నల్‌లు వచ్చి కూర్చుంటాయి, చివర నల్స్ లాస్ట్ అని రాయాలి.


క్వెరీ_మిత్ర:

ఒక్క మాట చేరుస్తాను. ఈ చిక్కు ఈనాటిది కాదు. 1970లో రిలేషనల్ మోడల్ (డేటాని టేబుళ్లలా పెట్టే పద్ధతి) ప్రతిపాదించిన కాడ్ గారే తర్వాత, 1990లో, లేకపోవడాన్ని రెండుగా విడదీయాలన్నారు, ఉంది కానీ తెలియనిది ఒకటి, అసలు వర్తించనిది ఇంకోటి. ఎస్‌క్యూఎల్ మాత్రం ఒక్క నల్‌తోనే సరిపెట్టింది. కాబట్టి ఆ తేడాని మనమే ఒక కాలమ్‌లో రాసుకోవాలి. మీ రీడింగుల టేబుల్‌కి కారణం అని ఒకటి చేర్చండి, సిగ్నల్ లేదు, సెన్సార్ తీసేశారు, పరిధి దాటింది, ఇలా. ఉష్ణోగ్రత కాలమ్‌లో మైనస్ 999 లాంటి గుర్తులు మాత్రం పెట్టనివ్వకండి, ఏవీజీ నల్‌ని వదిలేస్తుంది కానీ మైనస్ 999ని వదలదు.


రాత్రిషిఫ్ట్_డేటా:

17 దగ్గరికి మనిషి వెళ్లొచ్చాడు, వైరు ఊడిపోయి ఉందట, ఎన్నాళ్ల నుంచో. నాట్ ఇన్ మమ్మల్ని ఇన్నాళ్లూ చూడనివ్వలేదు.

జనరేట్_సిరీస్‌తో గంటలవారీగా చూశాను. ఫ్రీజర్ గదిలో ఆరు ఖాళీలూ పొద్దున 5 నుంచి 11 లోపే ఉన్నాయి, ఆ వేళకే లోడింగ్ జరుగుతుంది. లెక్కలు_ముఖ్యం గారూ, మీరు చెప్పిన తలుపు సంగతే అనిపిస్తోంది. ఆ గంటల్లో లోపల ఇంకో సెన్సార్ పెట్టి కొలుస్తున్నాం, అప్పటిదాకా సగటు పక్కన 18/24 అని చూపిస్తున్నాను, అలర్టులు రెండుగా విడగొట్టాను.

చివరిగా ఒకటి. ఉష్ణోగ్రత మైనస్ 60 కంటే తక్కువ రాకూడదని టేబుల్ మీద ముందే చెక్ (తప్పు విలువని లోపలికి రానివ్వని నియమం) పెట్టి ఉంది, మరి నల్ ఎలా లోపలికి వచ్చింది? సెన్సార్_ఐడీ నల్ ఉన్న ఆ మూడు రికార్డుల్ని తీసేయనా?


పాత_డీబీఏ:

చెక్ నియమం వేర్‌కి తలకిందులు. వేర్ నిజాన్నే రానిస్తుంది, చెక్ అబద్ధాన్నే ఆపుతుంది. నల్ >= -60 అన్‌నోన్, అబద్ధం కాదు, దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. నల్ వద్దనుకుంటే నాట్ నల్ అని విడిగా చెప్పాలి. ఉష్ణోగ్రతకి మాత్రం అది పెట్టకండి, పెడితే గేట్‌వే రాసేవాళ్లు ఏదో ఒక అంకె వేసి పంపడం మొదలెడతారు. సెన్సార్_ఐడీకి పెట్టండి, ఎవరిదో తెలియని రీడింగ్‌కి ఆ టేబుల్లో చోటు లేదు.

ఆ మూడు రికార్డులు తీసేయకండి. గుర్తుతెలియని_రీడింగులు అని ఇంకో టేబుల్ చేసి అందులోకి మార్చండి, సమయం, ఏ ఫైల్ నుంచి వచ్చిందో కూడా రాసి పెట్టండి. ఫైల్ ఎక్కించే ప్రోగ్రాంలో నంబర్ లేనివన్నీ అటే వెళ్లేలా మార్చి, ఆ తర్వాతే ఆల్టర్ టేబుల్‌తో సెట్ నాట్ నల్ నడపండి. వరస తప్పిందా, రాత్రి రావాల్సిన ఫైల్ మొత్తం ఆగిపోతుంది.